తప్పు జరిగిన సంగతి యజమానికి ఎప్పుడు తెలుస్తుంది? – వ్యాపార నిర్వహణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. మందుల తయారీ యంత్రాలకు విడిభాగాలు చేస్తాం. కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ లేత్‌లు నాలుగు, రెండు షిఫ్టులు, 18 మంది పనివారు. కొలత తప్పిందన్న సంగతి గానీ, ఆర్డరు ఆలస్యమవుతుందన్న సంగతి గానీ కస్టమర్ ఫోన్ చేసేదాకా నాకు తెలియడం లేదు. రోజూ ఉదయం అందరినీ నిలబెట్టి ‘ఏమైనా సమస్య ఉంటే చెప్పండి’ అని అడుగుతున్నా ఎవరూ నోరు విప్పరు. పాడైన ముక్క ఖరీదు జీతంలో కోస్తున్నా జాగ్రత్త పెరగలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ కోత ఆపమంటాను. ముక్క పాడైందని చెప్పినవాడికి జీతం తగ్గుతోంది. చెప్పకుండా స్క్రాప్ డబ్బా అడుగున వేసినవాడికి, మంచి ముక్కల్లో కలిపేసినవాడికి, పట్టుబడేదాకా ఏ నష్టమూ లేదు. ఈ లెక్క మీ పనివారికి మొదటి నెలలోనే అర్థమై ఉంటుంది. వారు అజాగ్రత్తగా ఉన్నారని మీరు అనుకుంటున్నారు గానీ, నిజానికి చాలా జాగ్రత్తగానే ఉన్నారు. కాకపోతే ఆ జాగ్రత్తంతా విషయం మీదాకా రాకుండా చూడటంలో ఖర్చవుతోంది.

మీరు అడగకపోయినా ఒక చట్టపు సంగతి చెప్పాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారమైనా, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతన కోడ్ ప్రకారమైనా, పనివాడికి వేసే జరిమానా ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు, వేసేముందు అతని సంజాయిషీ వినాలి. సరుకు నష్టం కింద కోయాలన్నా, అతనికి అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్లే పాడైందని తేలాలి, అప్పుడు కూడా అతని మాట విన్న తరువాతే కోయాలి. మీ షాపులో ముక్కలు పాడవడానికి కారణాలు వెతికితే అరిగిపోయిన ఇన్సర్టు (లోహాన్ని కోసే పనిముట్టు మొన), తప్పుగా కొట్టిన ఆఫ్‌సెట్ (మెషీన్‌లో ఆపరేటర్ నమోదు చేసే కొలత సవరణ), గట్టిదనంలో తేడా ఉన్న మెటీరియల్, కస్టమర్ మార్చి పంపినా మెషీన్ దగ్గరకు చేరని కొత్త డ్రాయింగ్ వంటివి బయటపడతాయి. వీటిలో ఆఫ్‌సెట్ ఒక్కటే పూర్తిగా ఆపరేటర్ చేతిలోది. పాత డ్రాయింగ్ తప్పు ఆఫీసుది, అంటే మీది. దానికీ ఇన్నాళ్లూ అతని జీతమే కోసి ఉంటే, మీటింగులో మౌనం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మీరు అడిగే ప్రశ్న. ‘ఏమైనా సమస్య ఉందా’ అని సూపర్‌వైజర్ పక్కనుండగా, అందరి ముందు అడిగితే ‘లేదు సార్’ అన్నదే సురక్షితమైన జవాబు. దానికి బదులు ‘నిన్న రాత్రి షిఫ్టులో పక్కన పెట్టిన ముక్కలెన్ని? ఏ కొలత తప్పింది?’ అని మెషీన్ దగ్గరకే వెళ్లి అడగండి. పక్కన పెట్టిన ముక్కలు కొన్ని ఉండటం మామూలే అన్నట్టు అడిగినప్పుడు సంఖ్య చెప్పడం సులువవుతుంది. ప్రతి మెషీన్ పక్కనా ఎర్ర డబ్బా ఒకటి పెట్టించి, కొలత తప్పిన ముక్కలను జాబ్ కార్డుతో (ఆ పని వివరాలు రాసిన చీటీతో) సహా అందులోనే వేయమనండి. వరుసగా చాలా రోజులు ‘సున్నా’ అని వస్తే సంతోషించకండి, ఆ డబ్బా దగ్గర కాసేపు నిలబడి చూడండి. మీ ఆపరేటర్లలో బిహార్, ఒడిశా నుంచి వచ్చినవారు ఉంటే, మన హైదరాబాదు హిందీలోనైనా సరే, ఈ మాటలు వారికి అర్థమయ్యే భాషలో మీరే అడగండి. సూపర్‌వైజర్ చేత అడిగిస్తే అతనికి ఇబ్బంది కలిగించే సంగతి మధ్యలోనే రాలిపోతుంది.

టయోటా కర్మాగారాల్లో లైను పక్కన తాడు పెట్టే పద్ధతి ఉంది. లోపం కనిపించిన కార్మికుడు తాడు లాగగానే టీం లీడర్ అక్కడికి వస్తాడు, వెంటనే సరికాకపోతే లైను ఆగుతుంది. ఆ తాడు కట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. లాగినవాడితో వచ్చిన లీడర్ ఎలా మాట్లాడతాడన్నదే కష్టమైన భాగం. మీ దగ్గర కూడా మొదటిసారి ఎవరైనా వచ్చి ‘సార్, 12 ముక్కలు పోయాయి’ అన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే తొలి మాటను షాపంతా వింటుంది. ‘ఎవడు చేశాడు?’ అన్న ప్రశ్నను ఆ పూటకు పక్కన పెట్టి, ఎన్ని మిగిలాయి, మెషీన్ ఆపారా, కస్టమర్‌కు ఇచ్చిన తేదీకి ఇంకెంత సమయముంది అన్నవి అడగండి. కారణం మరునాడు వెతకవచ్చు. ఒకే మనిషి ఒకే తప్పు మళ్లీ మళ్లీ చేస్తుంటే అది శిక్షణ విషయం. మీకు దగ్గర్లోనే ఉన్న కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థలో సీఎన్‌సీ మీద స్వల్పకాలిక కోర్సులు నడుస్తాయి. దాచినవారి విషయంలో మాత్రం కఠినంగానే ఉండండి, ఆ తేడాను ముందే అందరికీ చెప్పండి.

కస్టమర్‌తోనూ ఇదే వరస పాటించాలి. గడువు రోజున అతను ఫోన్ చేసేదాకా ఆగకుండా, తెలిసిన రోజే ‘200 ముక్కల్లో 140 శుక్రవారం పంపుతాం, మిగతా 60 మంగళవారం చేరతాయి’ అని చెప్పండి. రెండోసారి మార్చాల్సివచ్చే తేదీ ఇవ్వకండి, ఒక రోజు ఎక్కువ అడిగినా ఫరవాలేదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో చీరల షోరూంలో ఫ్లోర్ మేనేజర్‌ని. నాకు 29 ఏళ్లు. మా సేల్స్‌మెన్‌లో 50 దాటిన ఒకాయన కస్టమర్‌ని ముందే బడ్జెట్ అడిగి, తక్కువ చెప్పినవారికి నాలుగు చీరలు కూడా తీయరు. ఆయనను బాబాయ్ అని పిలుస్తాను. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: బాబాయ్ అనే పిలుపు మానకండి, అది మీకు అడ్డం కాదు. ‘మీ పద్ధతి బాగోలేదు’ వంటి మాటే అడ్డం, ఎందుకంటే దానికి ఆయన ముప్పై ఏళ్ల అనుభవం జవాబుగా వస్తుంది. కౌంటర్ ఖాళీ అయ్యాక, పక్కకు పిలిచి, జరిగినదాన్ని జరిగినట్టు చెప్పండి: ‘బాబాయ్, మధ్యాహ్నం వచ్చిన తల్లీకూతుళ్లకు మూడు చీరలే తీశారు, వాళ్లు పక్క కౌంటర్లో రెండు కొనుక్కుని వెళ్లారు. ఏమైంది?’ ఆ తరువాత మీరు మాట్లాడకండి. పెద్దవారి ముందు ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి.

ఆయన చెప్పే కారణం మీరు ఊహించనిది కావచ్చు. ఇన్సెంటివ్ బిల్లు మొత్తం మీద ఇస్తుంటే చవక చీర చూపించడం ఆయనకు నష్టమే. అది ఆయనను మందలించవలసిన సంగతి కాదు, మీరు యజమానితో మాట్లాడవలసిన సంగతి. విప్పిన చీరలన్నీ మళ్లీ మడత పెట్టే పని ఒక్కరి మీదే పడుతుంటే, ఆ వయసులో రోజంతా కూర్చుని లేచేవారు చీరలు తీయడానికి వెనకాడటం సహజం. శ్రావణ మాసపు రద్దీకి ముందే ఒక హెల్పర్‌ను ఆ కౌంటర్‌కు ఇప్పించండి. ఇవేవీ కాక ఉత్త అలవాటే అయితే, కనీసం ఎన్ని చీరలు చూపించాలో ఫ్లోర్ అంతటికీ ఒకే నియమం పెట్టండి. యజమాని చేత చెప్పిస్తే మాత్రం ఆ మరుసటి రోజు నుంచి ఆయన మీ మాటను యజమాని దగ్గర నిర్ధారించుకునే చేస్తారు.

ప్రశ్న: రాణిగంజ్‌లో పంపులు, మోటార్ల హోల్‌సేల్ దుకాణం మాది. అరువు విషయంలో నేను వద్దన్న పార్టీకి (సరుకు కొనే వ్యాపారికి) నాన్నగారు సరుకు ఇప్పిస్తారు. గుమాస్తాలు ఎవరి మాట అనుకూలంగా ఉంటే వారి దగ్గరకు వెళుతున్నారు.

జవాబు: గుమాస్తాలను తప్పుపట్టకండి. పాత పార్టీల అరువు నాన్నగారిది, కొత్త పార్టీలదీ కొనుగోళ్లదీ మీది అని ఇంట్లో కూర్చుని తేల్చుకుని, ఇద్దరూ కలిసి ఒకేసారి దుకాణంలో చెప్పండి. ఆ తరువాత మీది కాని విషయం మీ దగ్గరకు వస్తే, జవాబు తెలిసినా సరే, ‘నాన్నగారిని అడుగు’ అనండి. ఆయనా అలాగే మీ దగ్గరకు పంపాలి. పార్టీ మీ ఇద్దరి ముందూ నిలబడి అడిగినప్పుడు ఆ విషయం ఎవరిదో వారే జవాబు చెప్పాలి. నాన్నగారి నిర్ణయం మీకు నచ్చకపోతే దుకాణం మూసిన తరువాత మాట్లాడుకోండి.