జమీందారు గారి పాత తుపాకీ మా ఇంట్లో ఉంది, మెరుగు పెట్టించి అమ్మితే ఎంత వస్తుంది?

మెరుగు మాత్రం పెట్టించకండి. ధర సంగతి తర్వాత.

మాది విజయవాడ. మా తాతగారు నూజివీడు వైపు ఒక చిన్న జమీందారు దివాణంలో గుమాస్తా. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక దివాణం మూసేస్తూ, ఆ దొరవారు తన వేట తుపాకీని తాతగారి చేతిలో పెట్టారట. డబుల్ బ్యారెల్, పన్నెండు బోరు. గొట్టాలు డమాస్కస్‌వి. అంటే ఇనుము, ఉక్కు బద్దీలను మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాల్చి సుత్తితో అతికించినవి. అందుకే పొడవునా పాము కుబుసంలా సుడులుండేవి. చిన్నప్పుడు వాటి మీద వేలు తిప్పుతూ కూర్చునేవాణ్ణి.

ఒక దసరాకి, ఆయుధపూజ రోజు తెల్లవారుజామునే బాబాయి వరండాలో కూర్చుని ఉప్పు కాగితంతో దాన్ని రుద్దేశాడు. నేను లేచేసరికి గొట్టాలు కొత్త స్టీలు గ్లాసుల్లా ఉన్నాయి. "చూడరా, ఎలా తళతళలాడుతోందో!" అన్నాడు. సుడులు లేవు. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద చెక్కిన తయారీదారు పేరూ లేదు, చివర 'అండ్ సన్స్' తప్ప. నానమ్మ దానికే పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి లండన్ కంపెనీలు ఏ నంబరు తుపాకీ ఎవరికి చేశాయో పాత పుస్తకాల్లో రాసి ఉంచాయి. ఫలానా రాజావారిది అని చెప్పుకోవడానికి అలాంటి కాగితమే సాక్ష్యం. అది లేకపోతే మిగిలేది మన ఇంటి కబుర్లే. మా తుపాకీకి నంబరుంది, ఎవరికి రాసి అడగాలో తెలియదు. గొట్టాలు విడదీస్తే అడుగున, బాబాయి చెయ్యి పడని చోట, బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్రలు, అంటే గొట్టం పేలుడుకు తట్టుకుంటుందని పరీక్షించి కొట్టినవి, ఉన్నాయి. పక్కనే 'నాట్ ఫర్ బాల్', అంటే ఒంటి గుండు వేసి కాల్చకూడదని ఉంది. ఆ మాట 1875 నుంచి 1887 దాకానే కొట్టేవారు. వయసైతే దొరికింది, పేరే పోయింది. నన్నడిగితే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇలాంటి తుపాకులు తుప్పు కన్నా ఆయుధపూజకే ఎక్కువ పాడయ్యాయి.

ఇక అమ్మకుండా ఇలాంటివి పోగుచేసి దాచుకుందామన్నా, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు మీద ఒకరికి రెండు తుపాకులే. వారసత్వంగా వచ్చినా ఆ లెక్కలోకే వస్తుంది. వందేళ్లు దాటినవాటికి వేరే లెక్క ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. పైగా ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పాలి. ఒకసారి మాది చెమ్మ గోడకు ఆనించి పెట్టారు, తిరిగొచ్చేసరికి భుజానికి ఆనించే చివర చెక్క ఉబ్బిపోయింది.

మీ గొట్టాల మీద సుడులుంటే ఆ తుపాకీని ఇప్పటి తూటాలతో ఎవరూ కాల్చకుండా చూడండి. అవి పాత నల్ల తుపాకిమందు కాలంలో చేసినవి, పగిలితే చెయ్యి పోతుంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో చూసుకోండి, అమ్మినా లైసెన్సు ఉన్నవాళ్లకే అమ్మాలి. మధ్య పట్టీకి, అడుగు ముద్రలకి ఇవాళే ఫోటోలు తీయండి. దసరాకి బొట్టు పెట్టాలంటే చెక్క మీద పెట్టండి, ఇనుము జోలికి ఎవరినీ రానివ్వకండి.