ఆటల అడ్డా: ఒక్కడికి బలమా, నలుగురికా?

ప్రశ్న: డెడ్ బై డేలైట్‌లో నేనెప్పుడూ కిల్లర్‌గానే ఆడతాను. అవతలి నలుగురూ ఫ్రెండ్సయి, కాల్‌లో మాట్లాడుకుంటూ ఆడుతుంటే నాకు ఒక్కరు కూడా చిక్కరు. డెవలపర్లేమో ఎప్పుడూ సర్వైవర్ల మాటే వింటున్నట్టు ఉంటుంది. రెండు వైపులా సగం సగం గెలిచేలా చేస్తే ఈ గొడవే ఉండదు కదా సర్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: సగం సగం చేస్తే గొడవ ఇంకా పెరుగుతుంది. ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట: ఇందులో ఒక కిల్లర్ నలుగురు సర్వైవర్లను వేటాడి హుక్‌కు వేలాడదీస్తాడు, వాళ్లేమో జనరేటర్లు బాగుచేసి గేటు తెరుచుకుని తప్పించుకోవాలి. 2016లో విడుదలైన ఈ ఆటను తయారుచేసింది మాంట్రియల్‌లోని బిహేవియర్ ఇంటరాక్టివ్. వాళ్లు గురిపెట్టుకున్నది దాదాపు 60 శాతం కిల్ రేటు, అంటే సగటున మ్యాచ్‌కు నలుగురిలో 2.4 మంది చావాలి. అది కిల్లర్‌కు కాస్త మొగ్గే, నా లెక్కన అదే సరైనది కూడా. హారర్ గేమ్‌లో కిల్లర్ దగ్గరకొస్తుంటే గుండె దడదడలాడాలి, సర్వైవర్లే ఇంకా ఆడుకుందాం రా అన్నట్టు టార్చిలైటు కొట్టి కవ్వించే పరిస్థితి వస్తే అది హారర్ కాకుండా పోతుంది.

ఇక మీ బాధ. అది నిజమైనదే, ఎక్కడ పుడుతుందో లెక్క వేసి చూద్దాం. మామూలు కిల్లర్ సెకనుకు 4.6 మీటర్లు పరిగెడితే సర్వైవర్ 4 మీటర్లు పరిగెడతాడు, సెకనుకు తేడా 0.6 మీటరు మాత్రమే. మీకంటే 12 మీటర్లు ముందున్నవాణ్ణి తిన్నగా తరిమినా అందుకోవడానికి 20 సెకన్లు పడుతుంది. మధ్యలో వాడొక ప్యాలెట్ (దారికి అడ్డంగా పడే చెక్క పలక) పడేశాడనుకోండి, దాన్ని విరగ్గొట్టడానికి మీకు రెండు సెకన్ల పైచిలుకు పడుతుంది, ఆలోపు వాడు 9 మీటర్లు వెళ్లిపోతాడు, ఆ 9 మీటర్లు తగ్గించడానికి ఇంకో 15 సెకన్లు. ఇలా ఒకడి వెంట నిమిషంన్నర తిరిగారంటే మిగతా ముగ్గురూ తలా ఒక జనరేటర్ పూర్తి చేసేస్తారు, ఎందుకంటే ఒక్కో జనరేటర్‌కు ఒక మనిషికి 90 సెకన్లే. గేటుకు కరెంటు రావడానికి కావాల్సింది ఐదు. మొదటి ఛేజ్‌లోనే మూడు పోయాయన్నమాట!

కాబట్టి ఈ ఆటలో కిల్లర్‌కు అసలు శత్రువు టైమ్. ఎవరి వెంట పడాలి, ఎవరిని వదిలేయాలి అన్న నిర్ణయంతోనే సగం మ్యాచ్ తేలిపోతుంది. బలమైన ప్యాలెట్ దగ్గర నిలబడ్డవాణ్ణి వదిలేసి జనరేటర్ మీదున్నవాళ్లను చెదరగొట్టడం అలవాటు చేసుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

కాల్ సంగతి కూడా చెప్పాలి. మ్యాచ్‌లో సర్వైవర్లు మాట్లాడుకునే ఏర్పాటు ఆటలో లేదు, బయటి యాప్‌లో మాట్లాడుకునేవాళ్లను ఆపే దారీ లేదు. 'కిల్లర్ నా వెనకే ఉన్నాడు, మీరు కానివ్వండి' అన్న ఒక్క మాట ఏ పెర్క్‌కూ (ఆటగాడు ముందే ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యం) తీసిపోదు. గ్రూపుగా వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని కిల్లర్‌ను బలంగా చేస్తే ఒంటరిగా వచ్చేవాళ్లు నలిగిపోతారు, ఒంటరివాళ్లను చూసి బలహీనం చేస్తే మీలాంటివాళ్లు నలిగిపోతారు. దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒకటే: ఒంటరివాడికీ ఆ సమాచారం అందించడం. తోటి సర్వైవర్ జనరేటర్ మీదున్నాడా, కిల్లర్ ముందు పరిగెడుతున్నాడా అన్నది స్క్రీన్ అంచున గుర్తులతో చూపించడం మొదలుపెట్టారు, నాకు అది చాలా నచ్చింది. ఆ రెండు రకాల సర్వైవర్ల మధ్య దూరం తగ్గేకొద్దీ కిల్లర్ బలాన్ని ధైర్యంగా పెంచవచ్చు. ఆ పని ఇంకా సగంలోనే ఉందని నా అభిప్రాయం.

మీరు కబడ్డీ చూసే ఉంటారు. ఒక్క రైడర్, ఎదురుగా ఏడుగురు, 30 సెకన్లు. అక్కడ అది అన్యాయం అనిపించకపోవడానికి కారణం, మరుక్షణం అవతలివాడూ అలాగే ఒంటరిగా రావాలి కాబట్టి. ఈ ఆట టోర్నమెంట్లలోనూ రెండు జట్లూ చెరోసారి కిల్లర్‌ను పంపుతాయి, స్కోరు పోల్చి చూస్తారు. ఇంట్లో కూర్చుని ఆడే మామూలు మ్యాచ్‌లో ఆ మార్పిడి లేదు. అందుకే చెబుతున్నా, వారంలో కొన్ని మ్యాచ్‌లు సర్వైవర్‌గా ఆడండి. అవతలివాడికి ఎక్కడ టెన్షన్ పుడుతుందో తెలిస్తే ఎక్కడ నొక్కాలో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఒంటరిగా సర్వైవర్‌గా ఆడతాను. హుక్ మీంచి దించగానే కిల్లర్ మళ్లీ నా వెంటే పడతాడు, మూడు నిమిషాల్లో నా ఆట అయిపోతుంది. ఇలాంటివాళ్లను బ్యాన్ చేయరా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: బ్యాన్ చేయరండీ, చేయకూడదు కూడా. దీన్నే ఆటగాళ్లు టన్నెలింగ్ అంటారు. ఒకరిని త్వరగా తప్పిస్తే మిగిలిన ముగ్గురి పని మందగిస్తుంది కాబట్టి, గెలవాలనుకున్న కిల్లర్‌కు ఆటే ఆ దారి చూపిస్తోంది. తప్పు నియమంలో ఉంటే మనిషిని శిక్షించి లాభం లేదు. ఆ దారిని నష్టం వచ్చేదిగా మార్చాలి. 2022 జూలై ప్యాచ్‌లో హుక్ మీంచి దిగినవాళ్లకు పెర్క్ లేకపోయినా కొన్ని సెకన్లు రక్షణ, వేగం వచ్చేలా చేశారు. తర్వాత హుక్ పక్కనే కాపలా కాసే కిల్లర్లకు కూడా ఒక విరుగుడు పెట్టారు: వాడు దగ్గర్లో నిలబడేకొద్దీ ఒక గేజ్ నిండుతుంది, నిండితే హుక్ మీదున్నవాళ్లు తమంతట తామే దిగిపోవచ్చు. ఇది సరిపోయిందా అంటే, లేదు. మూడు నిమిషాల్లో బయటికొచ్చి మళ్లీ మ్యాచ్ కోసం ఎదురుచూసే మీ కోపం న్యాయమైనదే, ఆ కోపం డెవలపర్ల లెక్కల్లోకి ఎక్కాలి. సగటు కిల్ రేటు బాగున్నా ఒక మనిషి సాయంత్రం పాడైన సంగతి అందులో కనిపించదు.

ప్రశ్న: మేం చిన్న టీమ్‌గా ఐదుగురికి ఒక దెయ్యం ఎదురుపడే గేమ్ చేస్తున్నాం. టెస్టింగ్‌లో ఎప్పుడూ దెయ్యమే గెలుస్తోంది. బలం తగ్గించాలా?
– తెలుగు డెవలపర్, బెంగళూరు

జవాబు: అప్పుడే వద్దు. కొత్తవాళ్లు ఐదుగురు దారి తెలియక చెల్లాచెదురవుతారు, దెయ్యానికి అదే పండగ. మ్యాప్ కంఠతా వచ్చిన ఐదుగురితో మళ్లీ ఆడించండి, ఫలితం తలకిందులు కావచ్చు. డెడ్ బై డేలైట్‌లో నర్స్ అనే కిల్లర్‌ను చూడండి. నడక సర్వైవర్ల కంటే నెమ్మది, కానీ గోడల్లోంచి దూసుకొస్తుంది. అందరినీ కలిపి లెక్కేస్తే ఆమె కిల్ రేటు చాలాసార్లు అడుగునే ఉండేది, చేయి తిరిగినవాడి చేతిలో మాత్రం ఆమెను మించిన కిల్లర్ లేదు. సగటు చూసి బలం పెంచితే ఏమయ్యేదో ఊహించండి.

ఇంకొకటి, కీలకమైన పని ఏదీ ముక్కూ మొహం తెలియని ఒక్కడి చేతిలో పెట్టకండి. 2015లో వచ్చిన ఎవాల్వ్ అనే ఆటలో నలుగురు వేటగాళ్లు ఒక రాక్షసుణ్ణి వేటాడాలి, వాణ్ణి గుమ్మటంలాంటి కంచెలో బంధించే పని మాత్రం ట్రాపర్ అనే వేటగాడు ఒక్కడిదే. వాడికి చేతకాకపోతే మిగతా ముగ్గురూ అడవంతా ఊరికే పరిగెత్తాల్సి వచ్చేది. మరుసటి ఏడాది ఆ పని నలుగురికీ ఇచ్చారు, అప్పటికే చాలామంది వెళ్లిపోయారు. 2018లో దాని సర్వర్లు ఆపేశారు.

చివరగా, గెలుపు శాతంతో పాటు ఏ వైపు ఆడటానికి ఎంతమంది క్యూలో ఉన్నారో రోజూ చూడండి. దెయ్యమే గెలుస్తున్నా దెయ్యంగా ఆడటానికి ఎవరూ రావట్లేదంటే, గెలిచేవాళ్లకు కూడా విసుగు పుడుతోందన్నమాట. ముందు అది సరిచేయండి.