సంగటి మానాలా, ముద్ద తగ్గించాలా?

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. రాగులతో చక్కెర పెరగదన్న నమ్మకంతో రెండు పూటలా పెద్ద పెద్ద సంగటి ముద్దలు తింటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయేమో, ధాన్యాలలో, ముఖ్యంగా వాటి పొట్టులో, ఫైటిక్ ఆమ్లమూ లెక్టిన్లూ ఉంటాయి కాబట్టి అన్నం, సంగటి, రొట్టె అన్నీ పూర్తిగా మానేయాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సంగటి మానవలసిన అవసరం లేదు; అయితే మీ వారు ఇప్పుడు తింటున్నంత తినకూడదు.

ముందుగా మీ అబ్బాయి అభ్యంతరం చూద్దాం. ఫైటిక్ ఆమ్లం ఇనుమునూ జింకునూ పట్టి ఉంచి ఒంటికి పట్టకుండా చేస్తుందన్నది నిజమే. కానీ ధాన్యాన్ని నానబెట్టినా, మొలకెత్తించినా, అంబలిలాగా పులియబెట్టినా అది తగ్గుతుంది. పప్పులోనో కూరలోనో నిమ్మరసం పిండుకుంటే ఇనుము మరింత బాగా ఒంటికి పడుతుంది. భోజనం కాగానే తాగే టీ దానికి అడ్డుపడుతుంది. రక్తహీనత ఉన్నవారు ధాన్యం మానడం కంటే టీ వేళ మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. ఇక లెక్టిన్లనే ప్రొటీన్లు ఉడికించడంతో చాలావరకు నశిస్తాయి. పచ్చి పిండిని ఎవరమూ తినం కదా.

పొట్టు తీసేస్తే ఏమవుతుందో 1890లలో జావా దీవిలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ గమనించాడు. తెల్లగా దంచిన బియ్యం తిన్న కోళ్లకు, నరాలు బలహీనపడే బెరిబెరి వంటి జబ్బు వచ్చింది, దంపుడు బియ్యం పెట్టగానే కోలుకున్నాయి. తవుడులోని బి1 విటమిను మహిమ అది. ఆ కృషికే ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. అలాగని పొట్టుతో తింటే చాలు, మరేమీ అక్కరలేదనుకోవడమూ పొరపాటే. దక్కన్ ప్రాంతంలో జొన్నలే ప్రధానాహారమైన పేదలలో, బి3 విటమిను లోపంతో చర్మం దెబ్బతినే పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. జొన్నలలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అందుకు కారణం కావచ్చని 1960లో హైదరాబాదులో పనిచేస్తున్న డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు ప్రతిపాదించారు. ఆ వాదనపై తరువాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. నాకు తోచినంతలో, రొట్టె పక్కన పప్పూ పాలూ లేకపోవడమే అక్కడి అసలు సమస్య. కర్నూలు వైపు జొన్నరొట్టెకు పప్పో, వంకాయ కూరో, ఊరిబిండో తోడుగా తినే ఇళ్లకు ఆ భయం ఉండదు.

2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత సమీక్ష ప్రకారం, పీచు, ముడి ధాన్యాలు ఎక్కువగా తినేవారిలో గుండెజబ్బులు, మధుమేహం తక్కువగా కనిపించాయి. రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు మేలని తేలింది. అందులోని పరిశోధనలు ఎక్కువగా గోధుమలు, ఓట్లు తినే సంపన్న దేశాలవి కాబట్టి, ఆ అంకెలను మన సంగటికి యథాతథంగా అన్వయించలేం.

ఇప్పుడు మీ వారి సంగతి. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రమే. రాగులను మెచ్చుకోవడానికి ఇది మంచి కారణం. కానీ వాటి బరువులో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పైగా మన వైపు సంగటిలో బియ్యమో నూకలో పడతాయి, రాగులను మెత్తగా పిండి పట్టిస్తాం, ముద్ద ముద్దగా ఉడికిస్తాం. అలాంటి సంగటి రక్తంలో చక్కెరను త్వరగానే పెంచగలదు. కాబట్టి బియ్యం తగ్గించి, పూటకు ఒక చిన్న ముద్దకు పరిమితమై, మిగిలిన కంచాన్ని పప్పు, ఆకుకూర, గుడ్డు లేదా చికెన్‌తో నింపమనండి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుంటే ఎంత ముద్ద సరిపోతుందో ఆయనకే తెలుస్తుంది. కొర్రలకు మారాలనుకుంటే పాలిష్ పట్టనివే అడిగి తీసుకోండి.

మరొక మాట. మీ అబ్బాయి చెప్పినట్లు ధాన్యాలన్నీ ఒక్కసారిగా ఆపితే, మధుమేహానికి వాడే కొన్ని రకాల మాత్రల వల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందువల్ల సంగటి తగ్గించినా, మానినా, ముందుగా వైద్యుడిని కలిసి మాత్రల మోతాదు సరిచూపించుకోవాలి.