పురానాపూల్ దర్వాజా గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

పురానాపూల్ దర్వాజా మీద నీవు రాసి పంపిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది, శ్రద్ధ కనిపిస్తోంది. కాని దర్వాజాను ఒంటరిగా నిలబెట్టి, కమానునూ రాతినీ వర్ణించి ఊరుకున్నావు. నగర ద్వారానికి అర్థం దానికి అటూ ఇటూ ఉన్నవాటి వల్లనే వస్తుంది. అందుచేత దర్వాజాకు పేరిచ్చిన పురానాపూల్ వంతెనతో మొదలుపెట్టు.

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద ఆ వంతెన కట్టించింది 1578లో. హైదరాబాద్ వెలిసింది 1591లో. నగరం కంటే ముందే దానికి దారి ఏర్పడిందన్నమాట. ఆ నగరం చుట్టూ ప్రాకారమూ దర్వాజాలూ మాత్రం శతాబ్దానికి పైగా గడిచాక, మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా, మొదటి నిజాం కాలంలో పూర్తయ్యాయి. నీ వ్యాసంలో ఇవన్నీ ఒకే కాలానివన్నట్టు కలిసిపోయాయి. భాగమతి కథను తీసెయ్యమని నేను చెప్పను, ఈ ఊరికి అది ప్రాణప్రదమైన కథ. అయితే ప్రియురాలు భాగమతి కోసం వరదలోకి గుర్రాన్ని దింపాడనీ, అందుకే తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించాడనీ జనం చెప్పుకునే మహమ్మద్ కులీ, వంతెన పూర్తయ్యేనాటికి ఇంకా బాలుడే. ఆ సంగతిని కథ పక్కనే పెట్టు. గోల్కొండ నుంచీ కార్వాన్ పేట నుంచీ వర్తకులు ఏరు దాటి తూర్పున మచిలీపట్నం రేవు వైపు సాగిపోవలసిన అవసరాన్ని కూడా అక్కడే చెప్పు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు నీవు ఒక్క వాక్యమే ఇచ్చావు, అది చాలదు. ఊరిని ముంచెత్తిన ఆ ప్రవాహాన్ని వంతెన తట్టుకుని నిలిచింది. ప్రాకారం మాత్రం క్రమంగా కనుమరుగై, ఈనాడు మిగిలిన పాత దర్వాజాలు రెండే: ఇదీ, దబీర్‌పురాదీ.

మళ్ళీ అక్కడికి వెళ్ళు. వంతెన మీద కూరగాయలు అమ్ముకునేవారితో తీరికగా మాట్లాడు, వాళ్ళ మాటలను వాళ్ళ యాసలోనే రాసుకో. తరువాత దర్వాజా దాటి, హుస్సేనీ ఆలం, మహబూబ్ చౌక్, లాడ్ బజార్ మీదుగా చార్మినార్ చేరుకో. వ్యాసం కూడా ఆ క్రమంలోనే సాగనీ. చార్మినార్‌కు రెండు వాక్యాలు చాలు, దాన్ని గురించి ఇప్పటికే ఎందరో రాశారు. దబీర్‌పురా దర్వాజాను ఇందులో ఇరికించకు, దానికి వేరే వ్యాసం కావాలి. తిరగరాసినది పంపితే తప్పక చదువుతాను.

నీ శ్రేయోభిలాషి