మా అమ్మాయి మొదటి పాట కోసం తోట తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర కొబ్బరి తోటే ఆధారం. బీకాం రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి టీవీ పాటల పోటీలో ఫైనల్స్ దాకా వెళ్లింది. తను సొంతంగా బాణీ కట్టిన పాటని పాప్ సింగిల్‌గా, అంటే విడిగా ఒక్క పాటగా చేస్తామని హైదరాబాద్ నుంచి ఒకరు వచ్చారు. మూడు లక్షలు మేం పెట్టాలట, హక్కులన్నీ వాళ్లవట. తోట తాకట్టు పెడదామనుకుంటున్నాం. అమ్మాయి చదువు మానేస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: తోట జోలికి వెళ్లకండి. అన్ని రౌండ్లు దాటి ఫైనల్స్‌లో నిలబడిన పిల్లకి సొంత పాట ఉండాల్సిందే. సినిమా పాటలు పాడినన్నాళ్లూ జనం సగం మెచ్చుకునేది ఆ పాటని. ఈ పాటలో అయితే మీ అమ్మాయినే వింటారు. కానీ డబ్బు మీది, బాణీ, గొంతు మీ పిల్లవి అయినప్పుడు హక్కులు వాళ్లకెందుకు? ఖర్చంతా కంపెనీ పెట్టుకుని రికార్డింగు తీసుకుంటే అది మామూలు వ్యాపారం. మీ దగ్గర డబ్బు కూడా తీసుకుని హక్కులు రాయించుకోవడం మాత్రం అన్యాయం.

ఒప్పందం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులు ఎన్నాళ్లకి ఇచ్చారో రాయకపోతే 5 ఏళ్లే అని, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. అందుకని 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ముందే రాసి తెస్తారు. ఆ మాటలు కనిపిస్తే సంతకం ఆపండి. 'ఇకపై పాడే పాటలన్నీ మాకే' అన్న షరతు ఉందేమో కూడా చూడండి, అది ఇంకా ప్రమాదం. 2012 సవరణ వల్ల రికార్డింగు హక్కు ఇచ్చేసినా, బాణీ కట్టిన వాళ్లకీ పాట రాసిన వాళ్లకీ రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, హక్కులు తీసుకున్నవాళ్లతో సమాన వాటా అడిగే హక్కు పోదు. అమ్మాయిని ఐపీఆర్ఎస్‌లో సంగీతకర్తగా సభ్యురాలిని చేయండి. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచేది ఆ సంస్థే.

మూడు లక్షల్లో పెద్ద భాగం వీడియోకే పోతుంది. మొదటి పాటకి అంత హంగు అక్కర్లేదు. మంచి స్టూడియోలో గొంతు రికార్డు చేయించి, మీ కాలవ గట్టు మీద తీసిన నాలుగు షాట్లతో, పాట మాటలు తెర మీద కనిపించే లిరికల్ వీడియో చేయిస్తే చాలు. రెండు మూడు కొబ్బరికాయల దింపుల డబ్బుతో సరిపెట్టుకునేలా చూడండి. పాట మీద వెంటనే ఆదాయం వస్తుందని లెక్కలు వేసుకోకండి. సంక్రాంతి ప్రోగ్రాములు, పెళ్లిళ్లు, కాలేజీ ఫెస్టులు, రాబడి ముందు అక్కడి నుంచే వస్తుంది. పిలిచేవాళ్లకి పంపడానికి సొంత పాట ఒకటి చేతిలో ఉండాలి, అంతే.

చదువు మానొద్దని అమ్మాయికి నా మాటగా చెప్పండి. ఇంకొక్క ఏడాదే కదా. రేపు తన పారితోషికం, టీడీఎస్, జీఎస్టీ లెక్కలు తనే చూసుకోగలిగితే ఎవరూ మోసం చేయలేరు. ప్రోగ్రాములకి వెళ్లే రోజుల్లో హాజరు గురించి ప్రిన్సిపాల్‌తో మీరే స్వయంగా మాట్లాడండి.

హైదరాబాద్ వాళ్లకి ఏ జవాబూ చెప్పకముందు, పోటీలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితం బయటికి తీయండి. పోటీ అయ్యాక కూడా కొంతకాలం వేరేవాళ్లకి పాడకూడదనే షరతు అందులో ఉండొచ్చు. దాన్నీ, కొత్త ఒప్పందాన్నీ కలిపి కాపీరైట్ కేసులు తెలిసిన లాయరుకి చూపించండి. మీ దగ్గర కాపీ లేకపోతే ఛానల్‌కి మెయిల్ రాసి ఈ వారమే తెప్పించుకోండి.