దూరదేశపు మిత్రులు ఇంటికి వచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

వేరే దేశంలో ఉంటున్న నీ స్నేహితులు ఇద్దరు పది రోజులు నీ ఇంట్లో గడపడానికి వస్తున్నారనీ, ఏ రోజు ఎక్కడికి తీసుకువెళ్ళాలో పట్టిక కూడా వేసి ఉంచావనీ రాశావు. నీ ఉత్సాహం ముచ్చటగానే ఉంది గానీ, ఆ పట్టికలో మొదటి మూడు రోజులనూ కొట్టివేయమని చెప్పడానికే ఈ లేఖ.

సుదూర ప్రయాణం చేసి వచ్చిన శరీరం కొన్నాళ్ళపాటు బయలుదేరిన చోటి గడియారాన్నే పట్టుకుని ఉంటుంది. గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున సర్దుబాటుకు పడుతుందనీ, పడమటికి ప్రయాణించిన వారికంటే తూర్పుకు ప్రయాణించిన వారికి ఈ అవస్థ సాధారణంగా ఎక్కువనీ తెలిసి ఉంటే, భోజనం ముందు కూర్చుని కునికిపాట్లు పడే అతిథిని చూసి నీ మర్యాదలు నచ్చలేదేమోనని మథనపడవు. పగటిపూట వారిని ఆరుబయట కాసేపు నడిపించు. కునుకు తీస్తే అరగంటకు మించనివ్వకు. అర్ధరాత్రి మెలకువ వచ్చి ఆకలేస్తే నిన్ను లేపడానికి మొహమాటపడి పస్తుంటారు కనుక, మంచినీళ్ళు, తినుబండారాలు ఎక్కడున్నాయో, ఏ దీపానికి ఏ స్విచ్చో మొదటి సాయంత్రమే చూపించు.

ఏది పడదని అడిగితే చాలామంది ‘ఏదైనా పర్వాలేదు’ అంటారు. ఆ జవాబుతో తృప్తిపడక, పాలు, గుడ్లు, వేరుశనగ, పెంపుడు జంతువులు అంటూ ఒక్కొక్కటే పేరు పెట్టి అడుగు.

కరెంటు విషయం చిన్నదనిపిస్తుంది. అడాప్టర్ ప్లగ్గు పిన్నులను మన సాకెట్‌కు అమరుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఫోను ఛార్జర్లలో చాలావాటిమీద 100-240 వోల్టులని రాసి ఉంటుంది, వాటితో చిక్కు లేదు. 120 వోల్టులకు మాత్రమే చేసిన హెయిర్ డ్రయ్యర్‌ను ఒక అతిథి 230 వోల్టుల సాకెట్‌లో పెట్టినందుకు మా ఇంట్లో అది నిమిషంలో పొగలు కక్కింది. ముందుగా చెప్పకపోవడం నా తప్పే.

వారి టికెట్టు నకలు ఒకటి తెప్పించుకుని, బయలుదేరే తేదీని కాక దిగే తేదీని చూసుకో. ఈ రెంటినీ పొరబడి నేనొక రాత్రంతా విమానాశ్రయంలో జాగారం చేశాను. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతుంది. ఇంట్లో బస చేసే విదేశీయుల వివరాలను గడువులోగా అధికారులకు తెలపాలన్న నియమం కొన్ని దేశాలలో ఉంది. మీ దగ్గర అటువంటిది ఉన్నదేమో ముందే కనుక్కో.

ఖర్చుల సంగతి మొదటి రోజే తేల్చుకోవడం మంచిది. ఏది నువ్వు భరిస్తావో, ఏది పంచుకోవాలో చెప్పకపోతే బిల్లు వచ్చిన ప్రతిసారీ ఇరువైపులా ఇబ్బందే.

అన్నిటికంటే ముఖ్యంగా, వారిని కాసేపు వారి మానాన వదిలిపెట్టు. ఇంటి తాళంచెవి మరొకటి చేయించి, స్థానిక భాషలో రాసిన ఇంటి చిరునామాతో, నీ ఫోను నంబరుతో కలిపి చేతికివ్వు; డ్రైవరుకు ఆ కాగితం చూపించి తిరిగి రాగలమన్న ధైర్యం ఉంటే, నిన్ను కష్టపెట్టకుండా తామే బయటికి వెళతారు. రోజంతా వెంట ఉండటమే ఆప్యాయత అనుకున్న రోజుల్లో నా అతిథులు స్నానాల గదిలో తప్ప మరెక్కడా ఏకాంతం ఎరుగరు.

తిరుగు ప్రయాణంలో కానుకలిచ్చే ముందు సామాను ఎన్ని కిలోల వరకు అనుమతిస్తారో అడుగు. గాజు సీసాలు, బరువైన వస్తువులు ఇవ్వకు.

ఇట్లు,
నీ పెదనాన్న