సీతాఫలం ఆకు రాల్చిందా? తొందరపడి మందు పోయకండి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. రెండెకరాల్లో బాలానగర్ రకం సీతాఫలం పెట్టి నాలుగేళ్లయింది. డ్రిప్ ఉంది. సంక్రాంతి దాటాక ఆకులు పండుబారి రాలిపోతున్నాయి. పక్కనే మామిడి పచ్చగా ఉంది. మందుల షాపులో వేరుకుళ్లు అని మొదళ్లలో పోయడానికి మందిచ్చారు. మొక్కలతో వచ్చిన కరపత్రంలో ‘డెసిడ్యుయస్’ అని రాసుంది. అంటే ఏమిటి?

జవాబు: మీ టెన్షన్‌కి మందు ఆ కరపత్రంలోనే ఉంది. ఏటా ఒక కాలంలో ఆకంతా రాల్చేసే చెట్టును డెసిడ్యుయస్ అంటారు. రాలిపడటం అనే అర్థమున్న లాటిన్ మాట అది. చలి దేశాల్లో చెట్లు శీతాకాలానికి ముందు ఆకు రాలుస్తాయి. మన టేకు, సీతాఫలం బెట్టకు రాలుస్తాయి. ఆకుంటే నీరు ఆవిరైపోతుంది కదా! రాల్చే ముందు ఆకులోని నత్రజనిని చాలావరకు కొమ్మలోకి లాగేసుకుంటాయి, అందుకే ఆ పసుపు. మామిడీ రాలుస్తుంది, కాకపోతే అన్నీ ఒకేసారి కాదు.

సీతాఫలంలో ఇంకో చిత్రముంది. రాలిన ఆకు ఒకటి తీసి తొడిమ అడుగు చూడండి, చిన్న గుంట కనిపిస్తుంది. చిగురు మొగ్గ దాని కిందే దాగి ఉంటుంది, టోపీ పెట్టినట్టు. ఆకు ఊడితేనే మొగ్గకు దారి. కొత్త చిగుళ్లతోపాటే పూత వస్తుంది. అంటే మీ చెట్లు రాబోయే పంటకు సిద్ధమవుతున్నాయి.

అయినా ఒకసారి పరీక్ష చేయండి. కొమ్మ బెరడును గోటితో గీరితే లోపల పచ్చగా, తడిగా ఉండాలి. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే ఆ కొమ్మ పోయినట్టే. ఆకులు వాడి, ఎండి, రాలకుండా కొమ్మకే వేలాడుతున్నా, వానాకాలంలో ఉన్నట్టుండి రాలినా అనుమానించాలి. అప్పుడు మొదలు తవ్వి వేర్లు చూడండి.

ఇప్పుడు డ్రిప్ ఆపేయండి. చెట్టు మీద నల్లగా ఎండిన కాయల్లో తెగులు దాక్కుంటుంది, కోసి కాల్చేయండి. చిగురు రాకముందే ఎండు కొమ్మలు కత్తిరించి, మొగ్గలు ఉబ్బాక నీరు మొదలుపెట్టండి. ఎండల్లో వచ్చిన తొలి పూత చాలావరకు రాలుతుంది, కంగారుపడొద్దు. మృగశిర దాటి గాలిలో తేమ పెరిగాక పిందె బాగా నిలుస్తుంది. రాలిన ఆకును పాదుల్లోనే పరవండి.

షాపులో ఇచ్చిన మందు మూత తీయకపోతే తిరిగి ఇచ్చేసి రండి.